సీటు కింద మోగిన ఫోను

నోయిడా వెళ్లే మెట్రోలో, ఆడవాళ్ల పెట్టెలో, నా పక్కన కూర్చున్న పిల్లకి పెదవి చీలి ఉంది. మెడ మీద వేళ్ల గుర్తులు. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, "ఆంటీ, ఎక్కడ దాక్కున్నా మా ఆయన వచ్చేస్తున్నాడు. మొన్న స్నేహితురాలి గదిలో ఉంటే జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాడు" అంది.

మా చర్చి ఆడవాళ్లం ఇంటి ప్రార్థనలకి దారి తెలియాలని ఫోన్లలో లొకేషన్ పంపుకుంటాం. అది గుర్తొచ్చి, "నీది ఆయనకి పోతోందేమో చూడమ్మా" అన్నాను.

చూసింది. పోతూనే ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయనే పెట్టాడట.

"ఆపెయ్యి మరి!"

"ఆపితే పారిపోతున్నానని తెలిసిపోతుంది ఆంటీ."

ఫోను సీటు కిందకి తోసేసి, తర్వాతి స్టేషన్లో దిగిపోయింది.

కాసేపటికి ఆ మొగుడెక్కాడు. ఆడవాళ్లని మోచేతులతో గుద్దుకుంటూ వచ్చి, తన ఫోను నుంచి రింగిచ్చి, సీటు కింద మోగుతున్నదాన్ని తీసి నేలకేసి కొట్టాడు. నా చెయ్యి మెలిపెట్టి, "కహాఁ గయీ?" అని, అదెక్కడికి పోయిందని అరిచాడు.

"హిందీ నహీ ఆతా, భయ్యా" అంటూ నాకు హిందీ రాదన్నాను, రోజూ కూరగాయలవాడితో హిందీలోనే పోట్లాడే నేను.

ఆ చెయ్యి చలికాలం ఇప్పటికీ లాగుతుంది. ప్రార్థన అయ్యాక చెప్పులు తొడుక్కునే ముందు, "మీ లొకేషన్ ఎవరెవరికి పోతోందో చూసుకోండర్రా" అంటాను.