మూడో వరుసలో మా అవ్వ

మా అవ్వ చనిపోయిందన్న సంగతి నాకు ఆన్‌లైన్‌లో తెలిసింది. ఆ సమయానికి ఆమె నా పక్కనే కూర్చుని జొన్నరొట్టె తుంచి పాలలో వేసుకుంటోంది. ఎనభై దాటి చాలా ఏళ్లయింది. పళ్లు పోయాయి గానీ నోరు పోలేదు.

ఇదంతా మా చర్చి పెద్దల పుణ్యం. ఆత్మకూరు దగ్గర మా పల్లెలో సమాధుల తోట నిండిపోవచ్చింది. భర్త పక్కన భార్యకు చోటు కావాలంటే ఈ చర్చిలోనే బాప్తిస్మం అయినట్టు కాగితం చూపాలని వాళ్లు తీర్మానం చేశారు. తాత పక్కనున్న ఆరడుగుల నేలను అవ్వ ఇరవై ఏళ్లుగా కాపలా కాస్తోంది. ఆదివారం ఆరాధన కాగానే అక్కడికి పోయి చూసుకున్నాకే ఇంటికి వస్తుంది. ఒకసారి అక్కడ ఎవరో బర్రెను కట్టేస్తే, బర్రెతో సహా అందరినీ తిట్టింది. తీర్మానం విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు. నాకు భయమేసింది.

చర్చిలో పాత రిజిస్టర్లు చెదల పాలయ్యాయి. అయితే వాటి నకళ్లను అప్పట్లో మిషనరీ దొరలు తమ దేశానికి పంపేవారట. ఇప్పుడు ఎవరో వాటి ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ మాట కర్నూలులో విని, లాప్‌టాప్ పట్టుకుని ఊరికి పరుగెత్తాను.

బాప్తిస్మం దొరికింది. అవ్వ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ సరిపోయాయి. వయసు మాత్రం మేమనుకున్న దానికంటే ఐదేళ్లు ఎక్కువ తేలింది. అవ్వ ఒప్పుకోలేదు. అక్కడితో లాప్‌టాప్ మూసి ఉంటే బాగుండేది. నేను ఊరుకోలేక ఇంకా వెతికాను. సమాధుల పేజీల్లో అదే పేరు, అదే తండ్రి. నాలుగేళ్ల వయసు, జ్వరం. మూడో వరుసలో, ఏడో గుంతలో సమాధి చేశారు.

"ఏం రాసినార్రా?" అంది అవ్వ.

"నువ్వు నాలుగేండ్లప్పుడే చచ్చిపోయినావంట."

ఆమె రొట్టె నమలడం ఆపింది. "నాకెవరూ చెప్పలేదే!"

తర్వాత పేజీల్లో ఆమె పెళ్లి కూడా దొరికింది. సమాధి అయిన చాలా ఏళ్లకు మా తాతను చేసుకుంది. ఈ లెక్కన మా నాన్న పుట్టుక, నా పుట్టుక కూడా అనుమానమే.

నిజాయితీ ఎక్కువై, అవ్వను వెంటబెట్టుకుని పోయి మూడు కాగితాలూ పెద్దల ముందు పెట్టాను. వాళ్లు అంతకంటే నిజాయితీపరులు, మూడూ చదివారు.

"బాప్తిస్మం ఉండాది. బాగుండాది," అన్నాడొక పెద్ద. "కానీ సమాధి గూడా అయిపోయిందే! ఒక మనిషికి రెండు గుంతలు యాడ ఇస్తామప్పా?"

"అవ్వ ఈడనే కూర్చోనుండాది కదా!"

"కనపడతాండాది. మేం కాదంటామా? కాయితం సంగతి మాట్లాడతాండాం."

"మరి పెండ్లి?"

"దాని జోలికి మేం పోం. అది సచ్చినాక జరిగింది."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అప్పుడు వాళ్లలో అందరికంటే ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "తప్పు మా నాయనది. ఆయన ఈడ ఉపదేశిగా ఉండె. బిడ్డ సచ్చిపోతే, ఆ బిడ్డే మళ్లా వచ్చిందని తర్వాత పుట్టిన దానికి అదే పేరు పెడతాండ్రి. బాప్తిస్మానికి తెస్తే, దీనికి ముందే అయిపోయింది కదా అని మా నాయన ఎనక్కి పంపిస్తాండె."

వాక్యం చెప్పాల్సిన ఉపదేశి పునర్జన్మను ఖాయం చేశాడన్నమాట. పెద్దలకు కొత్త చిక్కు వచ్చింది. కాగితం ఉన్నామె చనిపోయింది, బతికున్నామెకు బాప్తిస్మమే లేదు. గంటసేపు వాదించుకున్నారు. చివరకు ముసలాయన, తన తండ్రి తప్పుకు అవ్వను శిక్షించకూడదని అందరినీ ఒప్పించాడు.

"అవ్వా, తాత పక్కనే నీకు చోటు రాసినాం," అని గట్టిగా చెప్పాడు.

అవ్వ ఆ మాట విన్నట్టే లేదు. "అయితే నాకు ఒక అక్క ఉండెనా?" అని అడిగింది.

మూడో వరుసకు తీసుకుపోయాం. ఏడోచోట కంపచెట్లు, వాటి మధ్య చిన్న బండరాయి. అవ్వ చాలాసేపు ఆ రాయిని నిమిరింది. ఆమె ఏడుస్తుందని నేను అనుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది.

"నన్ను ఈ పాప పక్కన పెట్టండప్పా," అంది ముసలాయనతో. "ఆయన పక్కన యాభై ఏండ్లు పండుకుంటి, ఆ గురక శానా వింటి. ఈ పిల్ల ఒక్కతే ఉండాది. దీని పేరు, దీని బాప్తిస్మం, అన్నీ నేనే వాడుకుంటి."

ఇప్పుడు ఆదివారం ఆరాధన కాగానే అవ్వ మూడో వరుసకు పోతుంది. కంప కొట్టించి రాయి చుట్టూ శుభ్రం చేయించింది. తాత పక్కన మళ్లీ ఎవరో బర్రెను కట్టేస్తున్నారు. ఆమె ఏమీ అనడం లేదు.