మబ్బులు బాగా వచ్చిన ఫోటో

ఇందులో సముద్రం ఉంది, అస్తమించే సూర్యుడున్నాడు, ఆకాశం నిండా నల్లమబ్బులున్నాయి, వాటి కింద ఒక చావు కూడా ఉంది. మహాకావ్యానికి సరిపడా సరుకు. అయితే అంత లేదు. మూడేళ్ల కిందటి వానాకాలంలో, నస్పూర్‌లోని మా ఫోటో స్టూడియోకు వచ్చిన ఒక ఎడిటింగ్ పని, అంతే.

నాకు బ్లాక్ అండ్ వైట్ ఆకాశాల పిచ్చి. పొద్దుగూకే వేళ సముద్రం ఒడ్డున ఫోటోలు తీయాలని ఆశ. మా జిల్లాకు సముద్రం మంజూరు కాలేదు కాబట్టి పెళ్లిళ్లు, దినాల ఫోటోలతో బతుకుతున్నాను. దినాల ఫోటో అంటే పోయినవాళ్ల పాత ఫోటోను కాస్త తెల్లబరిచి, లేని కోటు తొడిగి, పెద్దది చేసి ఇవ్వడం. మా దగ్గర కోటు లేకుండా ఎవరూ స్వర్గానికి పోరు.

ఆ పని తెచ్చిన మల్లయ్య రిటైరైన బొగ్గుగని కార్మికుడు. గల్ఫ్‌లో పనిచేసే ఆయన కొడుకు తిరుపతి నిద్రలో చనిపోయాడు. సహజ మరణం అని కాగితం వచ్చింది. వయసు ఇరవై తొమ్మిది. శవం వచ్చిన పెట్టె తెరవొద్దన్నారు. తెరవకుండానే దహనం చేశారు.

పోయే ముందు వారం తిరుపతి పంపిన ఫోటో మల్లయ్య ఫోన్‌లో ఉంది. సముద్రం, వెనక పొద్దు, ముందు నల్లగా ఒక మనిషి. దీన్ని సిల్హౌట్ అంటాం. వెనక వెలుతురు ఎక్కువైతే ఆకారం మిగులుతుంది, ముఖం మిగలదు.

"దినాలకు వేరే ఫోటో ఉన్నది బిడ్డా. గిది నాకు. గీంట్ల పోరని మొకం కనవడాలె."

"ఎందుకు కాకా?"

"పోయేముంగట రెండు నెల్లు వీడియో కాల్ జెయ్యలే. నెట్ లేదన్నడు. మంచిగనే ఉన్న బాపూ అన్నడు. మంచిగున్నోడు పండి లేవకపోవుడేంది? మొకం జూస్తె నాకెర్కయితది."

బుద్ధి ఉన్నవాడైతే ముఖం మీద పనిచేసేవాడు. నాకు మొదటిసారి సముద్రం దొరికింది. రంగు తీసేశాను. కాంట్రాస్ట్ పెంచాను, అంటే నలుపును మరింత నలుపు, తెలుపును మరింత తెలుపు చేశాను. మబ్బులు ఉరుముతాయా అన్నట్టు వచ్చాయి. తిరుపతి తారుముద్ద అయ్యాడు.

మర్నాడు మల్లయ్య ప్రింటును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"మబ్బులు మంచిగొచ్చినయ్. బయటికివోతె గవ్వే ఉన్నయ్, పైస లేకుంట పుక్యానికి. నా కొడుకేడి?"

అసలు ఫోటో తెరిచి, ఆయన ముందే షాడోస్ పెంచాను. చీకటిగా ఉన్న భాగాలను వెలుతురులోకి లాగే మీట అది. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు చుక్కలు లేచాయి. కన్ను లేదు, చెంప లేదు.

"ఇంతే కాకా. గీంట్ల మొకం లేదు. కావాల్నంటే పాత ఫోటోల నుంచి తెచ్చి అతికిస్త."

"వద్దు. గా మొకం నాకెర్కే."

వెళ్లిపోతాడనుకున్నాను. నా నల్ల ప్రింటును మళ్లీ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పని జేసిన. లోపట మొకాలేడ కనవడ్తయ్ బిడ్డా? నిలవడ్డ తీరు జూసే ఎవ్వడో, ఎట్లున్నడో పోల్చుకుంటం." వేలు పెట్టి చూపించాడు. "కుడిభుజం జారింది సూడు. చెయ్యి పక్కబొక్కల మీద ఒత్తిపట్టిండు. బరువంత ఒక్క కాలు మీదనే. ఫోటోకు నిలవడ్డోడు గిట్ల నిలవడడు. నొప్పికి ఓర్సుకుంట నిలవడ్డడు."

ముందురోజంతా ఆ ఫోటో నా ముందే ఉంది. మబ్బుల అంచులు ఒక్కొక్కటీ దిద్దాను. పక్కటెముకల మీది ఆ చెయ్యి నాకు కనిపించలేదు. ఇలాంటప్పుడు నాకు ఏదో ఒక జోకు తోస్తుంది. ఆరోజు తోచలేదు.

"మంచిగనే ఉన్న అన్నడు" అన్నాడు మల్లయ్య, ప్రింటుతోనే మాట్లాడుతున్నట్టు. తర్వాత నావైపు తిరిగి, "వాన్ని గన్న అవ్వకు జెప్పకు. నిద్రల పోయిండు, బాధవడలే అనుకుంటున్నది" అన్నాడు.

దినాల నాడు కోటు తొడిగిన పాత ఫోటోకే దండ వేశారు. నల్లదాన్ని జేబులో పట్టేంత చిన్నగా చేసి ఇమ్మన్నాడు మల్లయ్య.

ఈ పని నాకు నేర్పింది ఒకటే. వచ్చినవాళ్లు ఫోటోలో ఏం వెతుకుతున్నారో అడిగి, ముందు మనం అటు చూడాలి. ఆకాశం ఎక్కడికీ పోదు.

చిన్న ప్రింటు మెరుపు లేని మ్యాట్ పేపర్ మీద వేశాను. మెరిసే గ్లాసీ మీదైతే తీసి చూసినప్పుడల్లా వేలిముద్రలు పడతాయి.