ఖాళీ జాగా

జాలరిపేటలో పుట్టి, అక్కడి బడిలోనే సోషల్ టీచరైన తాయారు 2008లో పిల్లల చేత ఒక పటం చేయించింది. కంప్యూటర్లో, ఉపగ్రహం తీసిన ఫోటో మీద ఎవరిల్లు వాళ్లు వెతుక్కుని పేర్లు రాసుకున్నారు. రామకోవెల, వీధి కుళాయి కూడా వదల్లేదు. ఒడ్డున వలలు ఆరేసే ఇసుక మీద మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. అది అందరిదీ. అందరిదానికి ఎవరి పేరని రాస్తారు? తాయారుకీ తోచలేదు.

జిల్లా బడుల పోటీలో ఆ పటానికి మొదటి బహుమతి వచ్చింది. అధికారి ఒకాయన కాపీ అడిగితే మురిసిపోతూ ఇచ్చింది.

ఆరు నెలలకు ఆ ఇసుక చుట్టూ పార్కు కోసం కంచె లేచింది. అడగబోయిన పేట జనానికి ఆ పటమే చూపించి, "ఖాళీ అని మీ పిల్లలే చూపించారు కదా" అన్నారు. తాయారు తిరగని ఆఫీసు లేదు. ఎక్కడికెళ్లినా బల్ల మీద తన పటమే.

ఇంటి ముందు ఇరుకు సందులో, ఆరక కంపు కొడుతున్న వల బాగుచేస్తూ కూర్చున్న తల్లి జోగమ్మ తలెత్తలేదు.

"ఆళ్లకి తెలవదు, సరే. నువ్వా ఇసకలోనే నడక నేర్సినావు. నీకూ అగుపడలేదేటే?"