దూది పట్టిన ఇంజన్

మౌలా సాహెబ్‌కు చూపించిన ఇంజన్ ఆయనది కాదు.

రెండేళ్ల కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నంద్యాలలో మహేంద్ర పనిచేసే షెడ్డులో జరిగిందది. ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే మౌలా సాహెబ్ తన పాత వ్యానును ట్రాక్టరుకు కట్టి తెచ్చి వదిలి అప్పటికి నాలుగు రోజులయింది. నీళ్లు తాగేస్తోంది, తెల్లపొగ కక్కుతోంది, చూడమన్నాడు. మహేంద్ర విప్పి చూశాడు. హెడ్ గాస్కెట్ కాలిపోయింది, అంతే. ఒక పూట పని. కానీ ఆయన వచ్చేసరికి మహేంద్ర షెడ్డు మూలన ఎప్పటినుంచో పడి ఉన్న వేరే ఇంజన్‌ను ముందుకు లాగి పెట్టాడు. దాని పక్కనున్న పగులు మీద స్క్రూడ్రైవర్‌తో గీసి చూపించాడు.

"బ్లాకు పగిలిపాయె చిచ్చా. దీనికి వెల్డింగ్ గూడా నిలబడదు."

మౌలా సాహెబ్ గొంతుక్కూర్చున్నాడు. ఆ ఇనుమును చేత్తో తడిమాడు. సందుల్లోకి వేలు పోనిచ్చి, బయటికి తీసి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. నల్లటి గ్రీజు తప్ప ఏమీ లేదు.

"ఇది నాదేనా అప్పా?"

"నీదే చిచ్చా. ఇంకెవరిది?"

ఆయన వేలు లుంగీకి తుడుచుకుని లేచాడు. పాత ఇనుముకు ఎంతొస్తుందో అంత తీసుకుని, ఇంజన్ లేని వ్యానును మళ్లీ ట్రాక్టరుకు కట్టించుకుని వెళ్లిపోయాడు. ఆయన ఇంజన్ షెడ్డు వెనక గోనె పట్టా కింద ఉంది. ఆ సాయంత్రమే దాన్ని మహేంద్ర తన ఇంటి పెరట్లోకి చేర్చాడు.

పెరట్లో దానికోసం ఒక బండి ఎదురుచూస్తోంది.

మహేంద్ర డిప్లొమా మధ్యలో వదిలేసినవాడు. తోటివాళ్లు బెంగళూరులో ఏసీ గదుల్లో కూర్చుని పండగలకు వచ్చి సలహాలిస్తుంటే పళ్లు నూరుకునేవాడు. చదువు వదిలాడే గాని చదవడం వదల్లేదు. పాత పేపర్ల కొట్టులో అట్టలేని పుస్తకాలు తూకానికి కొని, తెలియని మాటలకు ఫోన్‌లో అర్థాలు వెతుక్కుంటూ చదివేవాడు. అలా దొరికిన ఒక పుస్తకంలో ఆ కార్ల బొమ్మలున్నాయి. వందేళ్ల కిందట ఎక్కడో పరాయి దేశంలో, మట్టి బాటల మీద పందేలకు కట్టిన కార్లు. ఒక్కటే సీటు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. పొడుగాటి ముక్కు, చేప తోకలా సన్నబడిన వెనకభాగం, బయటికి కనిపించే సన్నని చక్రాలు. వాటిని కట్టినవాళ్లు గొప్పవాళ్లు కారు, పల్లెటూరి కమ్మరులూ మెకానిక్కులూ. ఇళ్ల వెనక, దొరికిన సామానుతో కట్టుకున్నారు. ఆ మాట దగ్గరే మహేంద్ర మనసు చిక్కుకుపోయింది.

ఏడాదిన్నర కట్టాడు. ఇనుప గొట్టాలతో చట్రం. పాత జీపు చక్రాలు. తోక కోసం ఇసుక సంచి మీద రేకు పెట్టి సుత్తితో కొడితే మూడు రేకులు పాడై నాలుగోది కుదిరింది. బానెట్ కట్టి ఉంచడానికి తోలు పట్టీ కావాలంటే ఎద్దు మెడలో కట్టే మువ్వల పట్టెడ కొని మువ్వలు పీకేశాడు. వాళ్లమ్మ ఉమామహేశ్వరమ్మ అంట్లు తోముకునే చోటు మొత్తం ఆ బండికే పోయింది. ఇంజన్ ఒక్కటే దొరకలేదు. చిన్నదిగా, తేలికగా ఉండాలి, వెనక చక్రాలను తిప్పేది కావాలి. పరుపుల వ్యాను ఇంజన్ కొలిచి చేసినట్టు సరిపోతుంది.

'ఈ ముసలాయన చేతిలో ఇది ఇంకో రెండేళ్లు పరుపులు మోసి చస్తుంది. నా చేతిలో పరిగెత్తుతుంది' అనుకున్నాడు. ఊరంతా తనకు బాకీ ఉన్నట్టు బతికేవాడికి అలాంటి న్యాయాలు సులువుగానే తోస్తాయి.

మౌలా సాహెబ్ ఎవరి మీదా ఏ బాకీ రాసుకోకుండా బతికినవాడు. తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగాడు. ఆయనా ముప్పయ్యేళ్లు వచ్చేదాకా అలాగే తిరిగాడు. తరువాత దూదేకే మిషన్, ఇంకా తరువాత వ్యాను. పదిహేనేళ్లు ఆ వ్యాను కోయిలకుంట్ల, వెలుగోడు, పాములపాడు పల్లెలన్నీ చుట్టింది. పైన మైకులో ఆయన భార్య గుల్జార్‌బీ గొంతు వినిపించేది: "పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం, పాత దూది ఏకిస్తాం!" ఏదో ఒక అరుగు పక్కన ఆపి, ఆ ఇంట్లోంచి కరెంటు తీసుకుని, ఆరుబయట గాలిలో దూది ఏకేవాడు. వీధి వీధంతా తెల్లటి నూగు ఎగిరేది.

పరుపు విప్పితే ఆ ఇంటి సంగతులు బయటపడతాయి. మంచం మీద ఇద్దరూ ఎంత ఎడంగా పడుకుంటున్నారో అణిగిన దూదే చెబుతుంది. జబ్బు దాచుకున్నవాళ్ల మరకలు, అత్తకు తెలియకుండా కోడలు దాచిన ఉత్తరాలు, ఒక్కోసారి సీసాలు. మౌలా సాహెబ్ దొరికింది దొరికినట్టు మడిచి, ఎవరిదో వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఆడవాళ్లు వేరే వాళ్లను కాదని ఆయన వ్యాను కోసం నెలలు ఆగేది అందుకే.

వ్యాను పోయాక ఆయన నంద్యాల దగ్గర ఒక పత్తి మిల్లులో కూలికి చేరాడు. ఈ సంగతి మహేంద్రకు ఎవరో మాటల్లో చెప్పారు. విని, పెరట్లోకి పోయి, రాత్రయ్యేదాకా రేకుకు గరకు కాగితం రుద్దుతూనే ఉన్నాడు.

డిసెంబరుకు బండి నిలబడింది. సీటు మిగిలింది. పుస్తకంలోని సీటు నిలువు మడతలతో, ఒక్కో మడతా లావుగా పొంగి ఉంటుంది. నంద్యాలలో సీట్లు కుట్టేవాళ్లు స్పాంజి పెట్టిస్తామన్నారు. అలా చేత్తో కుట్టాలంటే ఆళ్లగడ్డ మౌలా సాబే అని అందరిదీ ఒకటే మాట. నెల రోజులు మహేంద్ర ఆ మాట చెవిన పడనట్టు తిరిగాడు. చివరికి ఫోన్ చేశాడు. రాడనుకున్నాడు. రాకపోతే బాగుండుననీ అనుకున్నాడు. శుక్రవారం మిల్లుకు సెలవు పెట్టి, దూది మూటతో ఆయన బస్సు దిగాడు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి పక్కనే చాప వేసుకుని కుట్టాడు. బానెట్ మీద పట్టీ బిగించే ఉంది. లోపల ఏముందని ఆయన అడగలేదు. ఒక్కసారి మాత్రం సూది ఆపి తలెత్తాడు.

"దీంట్లో ఎంతమంది కూసుంటారు?"

"ఒక్కరే చిచ్చా."

"ఒక్కరి కోసరమేనా ఇంత!"

అన్నాడు, మళ్లీ తల వంచుకున్నాడు.

సాయంత్రం వీధిలోకి తోశారు. ఇరుగుపొరుగు చేరింది. ఎదురింటి నరసింహులు, లైన్‌మన్‌గా చేసి దిగిపోయినాయన, చుట్టూ తిరిగి చూశాడు. "ఏందప్పా మహేంద్రా, ఆనపకాయకు చక్రాలు పెట్టినావా?"

మహేంద్ర తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగింది. మళ్లీ తిప్పాడు. అంతకుముందు మధ్యాహ్నపు ఎండల్లో రెండు మూడుసార్లు పలికిందే గాని, ఈ సాయంత్రపు చలికి ఎంతకీ అందుకోలేదు. బ్యాటరీ నీరసించింది. "ఎద్దుల్ని పంపీమంటావా?" అన్నాడు నరసింహులు. అందరూ నవ్వారు. మహేంద్ర మొహం కందిపోయింది.

మౌలా సాహెబ్ చేతుల దూది దులుపుకుని వచ్చాడు. "నేను కూసుంటా, ఉండు."

తాను అప్పుడే కుట్టిన సీట్లో తానే మొదట కూర్చున్నాడు. చోక్ పూర్తిగా కాదు, సగమే లాగాడు. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి కాలు తీసేశాడు. ఏదో తలుచుకున్నట్టు పెదాలు కదిపి, అంతసేపూ ఆగి, అప్పుడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

వీధి కేకలు పెట్టింది. ఆయన దిగి, బానెట్‌ను అరచేత్తో రెండుసార్లు తట్టి, సూదులు ఏరుకుని బస్సు టైమయిందని వెళ్లిపోయాడు. ఆ కేకల మధ్య మహేంద్ర బానెట్ పట్టీ బిగించే ఉందా అని తడిమి చూసుకున్నాడు. బానెట్ ఎత్తి చూడని మనిషికి లోపలి ఇంజన్ మారాం ఎలా తెలిసింది?

శనగ కోతలయ్యాక కోయిలకుంట్ల పక్క ఒక నల్లరేగడి చేలో బండిని తోలాడు. తోక పక్కకు జారుతూ, దుమ్ము గోడలా లేస్తూ, పుస్తకంలో ఉన్నట్టే పరిగెత్తింది. కుర్రాళ్లు ఫోన్లలో తీసుకున్నారు. వేలమంది చూశారు, మెచ్చుకున్నారు. కానీ ప్రతి మలుపులోనూ ఆ ఇంజన్ మోత వెనక మహేంద్రకు పరుపుల కేక వినిపించేది. స్టార్ట్ చేసే తీరు అచ్చం ఆయనలాగే చేసి చూశాడు. పదిసార్లలో రెండుసార్లు పలికితే గొప్ప. మిగతా ఎనిమిదిసార్లు ఎవరో ఒకరు తోయాలి.

దసరా వెళ్లాక సీటు కుట్టు ఒకచోట విడింది. ఫోన్ చేస్తే గుల్జార్‌బీ ఎత్తింది. "ఆయన ఇంగ కుట్టడప్పా. మిల్లు దుమ్ముకు ఊపిరి పట్టుకున్యాది. దూది కాడికే పోవద్దన్యాడు డాక్టరు."

మర్నాడు మహేంద్ర పానాల సంచిని తోకలో వేసుకున్నాడు. నంబరు లేని బండి కాబట్టి హైవే వదిలి, పల్లెల మీదుగా ఆళ్లగడ్డ చేరాడు. ఇంజన్ విప్పి ఆ వ్యానులో బిగించి, బస్సులో తిరిగి రావాలని అనుకున్నాడు. ఇంటి ముందు ఆపాడు గాని ఇంజన్ కట్టేయలేదు. చల్లబడితే మళ్లీ అందుకోదన్న భయం వేళ్లకు అలవాటైపోయింది.

ఆ మోతకు గుల్జార్‌బీ లోపల్నుంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, మన బండి వచ్చిందా?" గుమ్మంలో నిలబడి, ఆ పొడుగు ముక్కు కారును చూసి బిత్తరపోయింది.

వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్న మౌలా సాహెబ్ అన్నాడు: "మనది గాదులే. నువ్వు చాయ్ పెట్టు."

ఆమె లోపలికి వెళ్లింది. పక్క సందులో వ్యాను డొల్ల కనిపిస్తోంది. అద్దాల దాకా దూది మూటలు నింపి ఉన్నాయి. మహేంద్ర నిలబడే చెప్పాడు. దారంతా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "చిచ్చా, ఆ పొద్దు నీకు సూపించింది నీది గాదు. నీది ఇదే."

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దే. నా ఇంజన్ సందుల్లో పదైదేండ్ల దూది పట్టింటాది. నువ్వు సూపించినదాంట్లో ఒక్క పోగు లేదు." దగ్గు వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకున్నాడు.

"మరి అడగలేదేం చిచ్చా?"

"అడిగింటే దొంగ ఒట్టు పెట్టేటోనివి. పరుపు ఇప్పితే లోపల ఏముండేదీ సూస్తాం. సూసి మళ్లా కుట్టేస్తాం. ఎవురికీ చెప్పం. నీదీ అట్లనే కుట్టేసినా."

"ఇప్పుడే ఇప్పి నీ వ్యానులో పెడతా. పానాలు తెచ్చినా."

"పెట్టి? ఎవరు తోలేది?" ఆయన తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే మహేంద్ర పట్టుకుని నిలబడడానికి ఏదో ఒకటి దొరికేది. రెండు కాళ్లూ పట్టుకోబోతే ఆయన కాళ్లు దుప్పట్లోకి లాక్కున్నాడు.

బయట ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఒకసారి తడబడి, సర్దుకుంది. మౌలా సాహెబ్ అటు చెవి పెట్టి విన్నాడు.

"బేగా పో నాయనా. అది ఆగిపోయిందంటే నీకు పలకదు. ఈ తూరి నేను లేసి రాను."