పాతరలోని గాలి

మొన్న కోడలు ప్లాస్టిక్ డ్రమ్ము మూత తీసింది. అడుగున తడి తగిలిన జొన్నలు పులిసి, కల్లుకుండ విప్పినట్టు గుప్పున వాసన కొట్టింది. ఆమె ముక్కు మూసుకుని నవ్వింది. నేను మాత్రం గడప దాకా వెనక్కి నడిచాను. ఆ వాసన తగిలితే నాకు మాణిక్యం సారు గుర్తొస్తాడు. ఆయనకంటే ముందు ఆనాటి భయం గుర్తొస్తుంది.

బిజినేపల్లి దగ్గరి మా ఊళ్లో, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా ఇంటి ముందరి కొట్టంలోనే బడి ఉండేది. సారు కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, మాకు చదువు చెప్పడానికి వచ్చినవాడు. మా వీధిలోకి రాగానే చెప్పులు విప్పి చేతపట్టుకునేవాడు. అక్షరాలు దిద్దించేటప్పుడు కూడా మా చెయ్యి తాకేవాడు కాదు, గాలిలో రాసి చూపించేవాడు. మా నాయన గొంతు వినిపిస్తే చాలు, లేచి నిలబడేవాడు. ఇంత పిరికి మనిషి సారెట్లయిండని మా అన్న నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడు సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం కోసం అధికారులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. మా వాకిట్లో జొన్నల పాతర ఉండేది. నేలలో నిలువెత్తుకు మించి తవ్విన గుంత అది. లోపల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టి మెత్తేవాళ్లు. వానాకాలమంతా అది మూసే ఉంది. అధికారులు పక్క ఊరికి వచ్చారని కబురు తెలియగానే, జొన్నలు తీసి వేరేచోట దాచాలని నాయన తొందరపడ్డాడు. పాతర తెరిస్తే ఒక పూట అట్లాగే వదిలేయడం మా ఇంటి అలవాటు. ఆ రోజు ఆగే ధైర్యం ఎవరికీ లేదు.

బండ జరపగానే ఆ వాసన లేచింది. మా జీతగాడు బాలయ్య దిగడానికి పంచె ఎగగట్టాడు. సారు పాఠం ఆపి, కొట్టంలో నుంచి పరుగున వచ్చాడు.

“పటేలా, జర ఆగుండ్రి. ముందుగాల కందిలి దించి సూద్దాం. దీపం ఆరితే మనిషి దిగొద్దు.”

“లోపలంత ఎండుగడ్డి. అంటుకుంటే నీ అయ్య ఆర్పుతడా?” అన్నాడు నాయన. “పో, పోరగాండ్లకు పాఠం చెప్పుకో.”

సారు కదల్లేదు. “అయితే నడుముకు మోకుతాడన్న కట్టుండ్రి. మీ కాల్మొక్త.”

నాయన విసుక్కుంటూనే కట్టమన్నాడు. బాలయ్య తల లోపలికి దిగిపోయింది. “ఎట్లున్నదిరా?” అని నాయన వంగి అడిగాడు. “ఊపిరి...” అన్న మాట ఒక్కటే పైకి వచ్చింది. తర్వాత గింజల మీద మెత్తగా ఏదో పడిన చప్పుడు.

మా అన్న పెద్దగా అరిచి గుంతలోకి దూకబోయాడు. సారు వెనక నుంచి అతణ్ణి కావలించుకుని నేలమీద పడేశాడు. ఆయన మా ఇంటివాళ్లను తాకడం నేను చూసింది అదే మొదటిసారి. “దిగకు కొడుకా! దిగితే నువ్వు గూడ రావు! గుంజుండ్రి, మోకు గుంజుండ్రి!”

అందరూ లాగి బాలయ్యను పైకి తెచ్చారు. అతని ముఖం నల్లబడింది, పెదాలు నీలమయ్యాయి. సారు అతని వీపు చరుస్తూ, పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయాడు. చివరికి ఒక దగ్గు. మా అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడు సారు కందిలి వెలిగించి, తాడుకు కట్టి దించాడు. మూతి దాటి కాస్త దిగిందో లేదో, మంట కుంగి ఆరిపోయింది. నాయన ఆ చీకట్లోకి చూస్తూ, “నీకెట్ల తెల్సు?” అన్నాడు.

“మా నాయిన గిట్లనే పోయిండు, పటేలా. ఆయన్ను తీస్తనని దిగి మా చిన్నాయిన గూడ పోయిండు. దయ్యం మింగిందన్నరు. ఆ దయ్యం ఏందో తెల్సుకుందామనే సదువుకున్న.”

నాయన ఆ రోజు ఇంకెవ్వర్నీ పాతరలోకి దించలేదు.

మర్నాడు బడిలో అదే పాఠం. “గింజకు పానముంటది. తడి తగిలితే లేసి, మన లెక్కనే గాలి పీలుస్తది. మూసిన పాతరల గాలి అయిపోతది. అయితే గింజ ఊకె సావదు. దాన్ని పట్టుకోనుండే, కంటికి కానరాని జీవులు గూడ సావయి. గాలి లేకుంటనే తీపిని ఇరగ్గొట్టి జరంత బలం తీస్కుంటయి. సగం కాలిన కట్టె సగమే వేడి ఇచ్చినట్టు. కల్లు పొంగేది గూడ గిట్లనే. మిగిలేది ఆ కల్లువాసన, ఇంకో బరువు గాలి. అది నీళ్ల లెక్క అడుగున నిలుస్తది. కానరాదు.”

“మీకు భయం కాలేదా సారూ?” అన్నాను.

ఆయన సుద్దముక్క కింద పెట్టాడు. “అయింది. భయమైతే నోరు తెరిచి చెప్పాలె బిడ్డా. నేను నిన్న ఇంకా గట్టిగ చెప్పుంటే బాలయ్య దిగకపోయేటోడు.”

తర్వాత ఆయనను గద్వాల వైపు బదిలీ చేశారు. మళ్లీ చూడలేదు.

పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చాక, మా పెరట్లో ఏళ్లుగా మూసి ఉన్న బావిని బాగుచేయడానికి ఇద్దరు పనివాళ్లు వచ్చారు. మామగారు, బంధువులు చుట్టూ నిలబడి ఉన్నారు. కొత్త కోడలు నోరెత్తే కాలం కాదు. అయినా వెళ్లి బావి మూతికి అడ్డంగా నిలబడ్డాను. “నాకు భయమైతుంది. దీపం దించేదాక ఎవ్వరు దిగొద్దు” అన్నాను. మగవాళ్లు నవ్వారు. అయినా దీపం దించారు. అది అడుగుదాకా వెలుగుతూనే పోయింది. వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు. సాయంత్రం ఆ పనివాళ్లిద్దరికీ అన్నం పెట్టాను. తిని, మాట్లాడుకుంటూ ఇళ్లకు వెళ్లిపోయారు.