ఆదివారం అన్నం

పక్కింటి పెనం మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన వస్తే, ఐదో తరగతిలో నేను నిలబడ్డ రోజు గుర్తుకొస్తుంది.

ఇంగ్లీషులో ఖాళీలు పూరించమన్నారు సారు. ఎప్పుడూ అయితే 'ఆల్వేస్', అప్పుడప్పుడు అయితే 'సమ్‌టైమ్స్' రాయాలి. 'మేము అన్నం తింటాము' అనే వాక్యంలో నేను 'సమ్‌టైమ్స్' రాశాను. పుస్తకం మా ఇంటి సంగతే అడుగుతోందనుకున్నాను.

సారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. "గైడులో ఆల్వేస్ అని ఉండాది. దిద్దుకో పాపా."

"మేం ఆదివారం చర్చి నుంచి వచ్చినాకనే అన్నం తింటాం సార్. కడమ దినాలన్నీ రొట్టెలే" అన్నాను.

క్లాసంతా నవ్వింది.

"అయితే దిద్దేదాకా నిలబడు" అన్నారు సారు.

"నిలబడతా సార్."

ఇంటిగంట కొట్టేదాకా నిలబడ్డాను. కాళ్ళు పీకాయి గానీ దిద్దలేదు.

ఆ పుస్తకం రాసినవాళ్ళకు మా ఇల్లే తెలీదని పెద్దయ్యాక అర్థమైంది. ఇప్పుడు మేమూ రోజూ అన్నమే తింటున్నాం. అయినా ఆ పేజీ మళ్ళీ నా ముందు పెడితే 'సమ్‌టైమ్స్' అనే రాస్తాను. వారానికి ఆరు రోజులు పొయ్యి ముందు కూర్చుని మా అమ్మ తట్టిన రొట్టెల్ని, ఒక గైడు కోసం నేను కొట్టెయ్యను.