తొమ్మిదో నంబరు ఇంటి చెక్కుబందీ

మా ఊరి బంగారు గని మూతపడి పదిహేనేళ్ళు దాటిన తరువాత ఒక ఆషాఢమాసంలో, రాబర్ట్‌సన్‌పేటలో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర నేను వేసుకున్న బల్ల ముందుకు ఒక లీజు ఇంటి పని వచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళుగా నేను లైసెన్సు ఉన్న పత్రాల రాతగాడిని. రిజిస్ట్రారు ముందుకు వెళ్ళే పత్రాన్ని చట్టానికి సరిపడేట్టు రాయడం, దాన్ని రెండు పక్షాలకూ చదివి వినిపించడం, రాసింది ఫలానావాడని అడుగున సంతకం పెట్టడం మా పని. ఏడో తరగతితో బడి మానిన నేను, పాత చట్టం పుస్తకాలు కొని చదివి ఈ విద్య నేర్చుకున్నాను. చదువు లేక తప్పు చేశాడని ఎవరూ అనకూడదని ముందే చెబుతున్నాను. నేను చేసిన తప్పు, నల్లకోటు వకీళ్ళు సైతం రోజూ చేస్తున్నదే.

లీజు ఇల్లు అంటే ఏమిటో కొనేవాళ్ళలో సగం మందికి తెలియదు. గని పనివాళ్ళు ఉండే వరుస ఇళ్ళను మా ఊళ్ళో లైను అంటారు. అటువంటి ఒక లైను ఉన్న నేల, కార్మికుల గృహసంఘం ఒకదానిది. సంఘం తన సభ్యులకు ఒక్కో ఇంటిని తొంభై తొమ్మిదేళ్ళకు లీజు రాసి ఇచ్చింది. సభ్యుడు అమ్మగలిగింది ఆ నేలను కాదు, మిగిలిన ఏళ్ళపాటు అక్కడ ఉండే హక్కును మాత్రమే. అందువల్ల మొదట చూడవలసింది ఎన్నేళ్ళు మిగిలాయన్నది. అసలు లీజు రిజిస్టరు అయిందా అన్నది ఆ తరువాత. సంఘం ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బదలాయిస్తే లీజును రద్దు చేసే షరతు ఉంటుంది, దాన్నీ చదవాలి. ఇవేవీ చూడకుండా బాండు పేపరు మీద ఒక జనరల్ పవర్, అంటే ఉత్త అధికారపత్రం, రాయించుకుని ఇల్లు కొన్నామని మురిసిపోయేవాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అలా రాయించే బ్రోకర్లను తలచుకుంటే ఇంకా మండుతుంది.

అమ్మేవాడు మునిరత్నం, గనిలో పైకప్పు కూలకుండా కట్టె దన్నులు పెట్టే పని చేసి మానినవాడు. కూతురి ఊరు క్యాసంబళ్ళిలో ఆవులు పెట్టుకుని బతకాలని అతని ఆశ. కొనేది రత్నమ్మ. రోజూ తెల్లవారి రైల్లో మాలూరు ఫ్యాక్టరీకి పోయి ప్యాకింగ్ పని చేసేది. భర్త పోయిన తరువాత నాలుగు బాడుగ ఇళ్ళు మారింది, నాలుగుసార్లూ ఇంటివాళ్ళు పొమ్మంటేనే మారింది. తనను ఎవరూ పొమ్మనలేని ఇల్లు కావాలన్నది ఆమె కోరిక. ఇద్దరినీ కలిపినవాడు బ్రోకర్ సంపత్.

మునిరత్నం తెచ్చిన లీజు చనిపోయిన అతని తండ్రి పేర రిజిస్టరు అయింది, పద్నాలుగో నంబరు ఇంటికి. నలభై ఒక్క ఏళ్ళు మిగిలాయి. సంఘం ఒప్పుదల పత్రం ఉంది. అన్నీ చూసి తృప్తి పడ్డాను. చెక్కుబందీని, అంటే ఇంటికి నాలుగు దిక్కులా ఉన్న హద్దుల రాతను, పాత లీజు నుంచి అక్షరం పోకుండా కొత్త పత్రంలోకి ఎక్కించాను. మా వృత్తిలో అందరూ చేసేది అదే. కుర్చీలోంచి లేవకుండా పని అయిపోతుంది.

పత్రం కన్నడంలో ఉంటుంది. నేను దాన్ని చదువుతూ తెలుగులో చెబుతాను. సాధారణంగా పక్షాలవాళ్ళు తల ఊపుతారు, మనసు వేరే చోట ఉంటుంది. రత్నమ్మ మాత్రం ముందుకు వంగి వింది. తూర్పున వీధి కొళాయి గోడ అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలుపప్పా. యాడ ఉండాది కొళాయి? నేను చూసొచ్చిన ఇంటికి తూర్పున ఇంగో ఇల్లు ఉండాది. కొళాయి ఆ చివర, చెంగల్రాయప్ప ఇంటి కాడ గదా ఉండాది."

"పాతకాలం రాతలమ్మా అవి," అన్నాడు సంపత్. "కొళాయి నడిచి పోయిందనుకో. సంతకం పెట్టు."

"కొళాయి నడిచేది నేను చూడలేదప్పా. నువ్వు చూసినావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. పత్రం మూసి, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని లైనుకు వెళ్ళాను. ఇంటి తలుపు మీద పద్నాలుగు అని ఉన్న రేకు బిళ్ళ ఉంది. కానీ మొదటి నుంచి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ ఇల్లు వరుసలో తొమ్మిదోది. చివరన, కొళాయి పక్కనున్న చెంగల్రాయప్ప ఇల్లు పద్నాలుగోది, దానికి తొమ్మిదో నంబరు బిళ్ళ ఉంది.

అడిగితే మునిరత్నం ఏమీ దాచకుండా చెప్పాడు. అతని తండ్రిది రాత్రి షిఫ్టు. పగలు పడుకుందామంటే కొళాయి దగ్గర బిందెల గలాటా. చెంగల్రాయప్ప తల్లికి కాలు సరిగా రాదు, నీళ్ళు దగ్గరుంటే చాలునని ఆమె బాధ. ఇద్దరు తండ్రులూ మాట్లాడుకుని ఇళ్ళు మార్చుకున్నారు. రేషను కార్డూ, ఆసుపత్రి చీటీ, పిల్లల బడి అన్నీ ఇంటి నంబరు మీదే నడిచేవి కాబట్టి, సామాన్లతోపాటు బిళ్ళలు కూడా పీక్కుని పోయి కొత్త గుమ్మాలకు కొట్టుకున్నారు. లైన్లలో అది మామూలే. కాగితాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

నా పత్రం రిజిస్టరు అయి ఉంటే రత్నమ్మకు దక్కేది చెంగల్రాయప్ప కాపురముంటున్న ఇంటి హక్కు. తాను డబ్బు పెట్టి చేరిన ఇంటి మీద ఆమెకు ఏ హక్కూ ఉండేది కాదు. ఐదో సారి కూడా ఎవరో ఒకరు పొమ్మనగలిగేవారు.

బల్ల దగ్గరకు తిరిగి వచ్చి ఈ మాట చెబితే, సంపత్‌కు ఇందులో లాభం కనిపించింది. "అమ్మా, మూలమీది ఇల్లు పెద్దది, గాలి వెలుతురు ఉండాది. కాగితం నీ పక్కన ఉండాది. ఊరికే పెట్టు సంతకం, కోర్టు చూసుకుంటాది."

రత్నమ్మ అతని వైపు తిరిగింది. "వాళ్ళ పొయ్యి మీద నా కుండ పెట్టేదానికా నేను వచ్చింది? నన్ను నాలుగు ఇండ్లలోంచి తరిమినారప్పా. ఆ పని నాకు నేర్పించొద్దు."

దారి ఒకటే ఉంది. రెండు లీజులనూ మార్చుకున్నట్టు మునిరత్నం, చెంగల్రాయప్ప ఒక వినిమయ పత్రం రిజిస్టరు చేయాలి. అప్పుడు తొమ్మిదో ఇంటి లీజు చట్టప్రకారం మునిరత్నానిది అవుతుంది, దాన్ని రత్నమ్మకు బదలాయించవచ్చు. తండ్రులిద్దరూ పోయారు, తల్లులు కూడా లేరు, వీళ్ళిద్దరూ ఒక్కగానొక్క సంతానం. లేకుంటే వారసులందరి సంతకాలకు ఊళ్ళు తిరగవలసి వచ్చేది.

చెంగల్రాయప్ప ఒప్పుకోలేదు. "యాభై ఏండ్లుగా ఉండాను. ఇప్పుడు నా చేత్తో నేనే, సంఘానికి చెప్పకుండా మార్చుకున్నామని రాసిస్తే? రేపు వాళ్ళు షరతు మీరినావని లీజే కొట్టేస్తే? నువ్వు వస్తావా అప్పా నాకు ఇల్లు ఇచ్చేదానికి?"

అతనిది మూర్ఖత్వమని సంపత్ అన్నాడు. నేను అనలేదు. ఆ భయం నూటికి నూరుపాళ్ళు చట్టంలో ఉన్నదే. అతని అరుగు మీద కూర్చుని రెండు లీజులూ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. కాగితం ప్రకారం అతను ఇప్పటికే పరాయి ఇంట్లో ఉన్నాడని, దాన్ని మునిరత్నం ఎవరికి బదలాయించినా ఆపే హక్కు అతనికి లేదని చెప్పాను. చెంగల్రాయప్ప రెండు లీజులూ అందుకుని ఇంటి నంబర్లు తానే చూసుకున్నాడు. తరువాత, సంఘం కాగితం ముందు రావాలి, సంతకం ఆ తరువాతే అన్నాడు. న్యాయమైన మాట.

సంఘం కార్యదర్శి విసుక్కున్నాడు. ఇన్నేళ్ళు లేని గలాటా ఇప్పుడెందుకన్నాడు. మాదిరి పత్రం నేనే రాసి ఇచ్చాను: పూర్వం జరిగిన మార్పిడిని సంఘం అంగీకరిస్తున్నది, దాన్ని కారణం చూపి ఏ లీజునూ రద్దు చేయదు, వినిమయానికీ ఆ తరువాతి బదలాయింపుకూ సమ్మతిస్తున్నది. మాటతో చెబితే చాలదా అని అడిగాడు. చాలదన్నాను. నాలుగుసార్లు తిరిగిన తరువాత కమిటీ తీర్మానంతో సహా ముద్ర వేసి ఇచ్చాడు. వినిమయ పత్రం కొత్తగా, బదలాయింపు పత్రం మళ్ళీ రాశాను, ఈసారి లైనులో నిలబడి. ఆ పనికి రెండోసారి ఫీజు తీసుకోలేదు, తప్పు నాది కాబట్టి.

రిజిస్ట్రేషను రోజు అధికారి ఆనవాయితీగా, పత్రంలో ఏముందో తెలుసా అమ్మా అని అడిగాడు. అందరూ తెలుసు స్వామీ అని వేలిముద్రకు చెయ్యి చాస్తారు. రత్నమ్మ తూర్పు నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులూ చెప్పింది, నలభై ఒక్క ఏళ్ళకే హక్కు అని చెప్పింది, సంఘాన్ని అడగకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని కూడా చెప్పింది. అధికారి తలెత్తి ఆమెను ఒకసారి చూసి సంతకం చేశాడు.

ఆ తరువాత లైసెన్సు అప్పగించే రోజు దాకా, ఇంటి ముందు నిలబడి నాలుగు వైపులా చూడకుండా ఒక్క లీజు బదలాయింపు కూడా నేను రాయలేదు. పాత పత్రంలో ఉన్న హద్దులు ఆ పత్రం రాసిన రోజువి. కొనేవాళ్ళు కాపురం పెట్టేది ఈనాటి ఇంట్లో. ఆ రెండూ ఒకటేనా అన్నది కూర్చున్న చోట తెలియదు.